పుష్పమ్మ మడతపెట్టిన స్టేషను

నకిరేకల్ నడుమ నుంచి హైదరాబాదు–విజయవాడ రోడ్డు పోతుంది. పగలంతా బస్సులూ లారీలే. రైలు మాత్రం ఆ ఊరికి లేదు. అందుకే, 1991లో ఆ రోడ్డు పక్కనే ఉన్న ఒక లేడీస్ టైలరు తన దుకాణం కింది గదిలో రైలుపట్టాలు వేయడానికి కొలతలు తీస్తోందని తెలిసినప్పుడు ముందు ఎవరూ నమ్మలేదు.

ఆ టైలరు పేరు పుష్పమ్మ. పుట్టింది హాలియా పక్కన ఒక పల్లెలో. ఏడో తరగతి దాకా చదివి, క్రైస్తవ మిషన్ వాళ్ళ కుట్టు సెంటర్లో రెండేళ్ళు పని నేర్చుకుంది. కరెంటాఫీసులో హెల్పరు ఎల్లస్వామిని పెళ్ళి చేసుకుని నకిరేకల్ వచ్చింది. ఆమెకు ఒక గుణం ఉంది. ఏ వస్తువైనా ఎట్లా పనిచేస్తుందో తెలిసేదాకా ఊరుకోదు. కొత్త కుట్టుమిషను ఇంటికొచ్చిన మూడోనాడు ఎల్లస్వామి పని నుంచి వచ్చేసరికి అది ముక్కముక్కలుగా చాప మీద పరిచి ఉంది.

“ఏందే, అప్పుడే పాడైందా?” అన్నాడు.

“పాడుగాలే. కింది దారం పైదారాన్ని ఎట్ల పట్టుకుంటదో చూస్తున్న” అంది పుష్పమ్మ. పొద్దుగూకేలోపు మళ్ళీ బిగించింది. ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు.

ఆమె దుకాణం ఒక నిమ్మకాయల వ్యాపారిది. ఎండాకాలం కాయ చల్లగా నిలవ ఉంటుందని ఆయన దుకాణం కింద ఒక గది తవ్వించాడు. గాలి ఆడక మొదటి ఏడే కాయంతా బూజు పట్టింది. దాంతో విసుగు పుట్టి పైదీ కిందిదీ కలిపి పుష్పమ్మకు కిరాయికిచ్చాడు. కింది గది ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పుష్పమ్మ నిలబడితే తల మీద జానెడు జాగా మిగిలేది. సరిగ్గా నడుమ ఒక రాతి స్తంభం. ఒక మూల ఎనిమిది మెట్లు, వాటి కింద గుహలాంటి ఖాళీ. గుడ్డపేలికల సంచులు వేయడానికి తప్ప ఆ గది ఎందుకూ పనికొచ్చేది కాదు.

1989లో ఆమె మామ మైసయ్య రిటైరై కొడుకు దగ్గరికి వచ్చాడు. మహబూబ్‌నగర్ నుంచి గద్వాల వైపు పోయే మీటర్ గేజ్ లైనులో ఎర్రగుట్టపల్లి అనే చిన్న స్టేషనులో ఇరవై రెండేళ్ళు పాయింట్స్‌మన్‌గా చేశాడు. ఏ రైలు ఏ పట్టా మీదికి పోవాలో స్టేషను మాస్టరు చెబితే, అక్కడికి నడిచిపోయి పట్టా కొస జరిపే పని అది. భార్య మారెమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. మనిషి మాట్లాడేది తక్కువ. ఇంట్లో ఊరికే కూర్చోలేక కోడలి దుకాణానికి వచ్చి జాకెట్లకు హుక్కులు కుట్టేవాడు, కాజాలు తీసేవాడు. లీవర్లు లాగి లాగి కాయలు కాసిన చేతులతో ఆయన తీసిన కాజా అచ్చు గుద్దినట్టుండేది.

ఒకనాడు మధ్యాహ్నం పుష్పమ్మ మిషను తొక్కుతూ అడిగింది. “మామా, నీ స్టేషన్ల పోను రాను ఒక్కటే పట్టా అంటివి గద. ఎదురుంగ ఇంకో రైలు వస్తే ఎట్ల?”

“రాదు.”

“ఎందుకు రాదు?”

మైసయ్య సూది ఆపాడు. ఇరవై రెండేళ్ళ నౌకరీలో ఆ మాట ఆయన్ను అడిగినవాళ్ళు లేరు. “గుండు ఉండాలె, బిడ్డా. ఇనుపగుండు. స్టేషన్ల ఒక పెట్టె ఉంటది. అవతలి స్టేషనాయన సరే అంటేనే గా పెట్టె గుండును ఇడుస్తది. గుండు తోలుసంచిల ఏసి డ్రైవరుకిస్తం. అది చేతిల లేంది డ్రైవరు బండి కదిలియ్యడు. ఒక గుండు బయట ఉన్నంతసేపు రెండో గుండు రాదు.”

“మరి రెండు బండ్లు ఎదురెదురు వచ్చేది యాడ తప్పుకుంటయి?”

మైసయ్య లేచి, బట్ట కత్తిరించే బల్ల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు. తెల్లగుండీలు వరుసగా పేర్చి ప్యాసింజరన్నాడు, నల్లగుండీలు పేర్చి గూడ్సన్నాడు. ఒకదాన్ని పక్క గీత మీదికి తప్పించి రెండోదాన్ని వదిలాడు. జాకెట్టు ముక్క తెచ్చిన కూరగాయల బిక్షమ్మ బుట్ట కిందపెట్టి చూస్తూ నిలబడిపోయింది. “నల్లదాన్ని గంతసేపు ఆపితివి, దాంట్ల ఉన్నోళ్ళు తిట్టరా?” అంది. “అది గూడ్సు. అండ్ల మనుషులుండరు” అన్నాడు మైసయ్య. ఆ పూట ఆయన మాట్లాడినంత, వచ్చిన రెండేళ్ళలో మాట్లాడలేదు.

వారం రోజులు గుండీల రైళ్ళు నడిచాయి. బట్ట కత్తిరించడానికి బల్ల కావాల్సి వచ్చిన ప్రతిసారీ స్టేషను తుడిచేయాల్సి వచ్చేది. ఒకనాడు పుష్పమ్మ చేతిలో టేపు పట్టుకుని కింది గదిలోకి దిగింది.

పక్క దుకాణం మెహమూద్‌ది. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తాడు. గుండీలు కాక నిజంగా కదిలే బండి కావాలని పుష్పమ్మ అడిగితే అతను తల గోక్కున్నాడు.

“మోటరు నేనిస్త చెల్లె, పాత టేపులల్ల బొచ్చెడున్నయి. కని మోటరే బొటనవేలంత లావుంటది. దానికి డబ్బా కట్టేసరికి ఇంజను ఇంచుముప్పావు వెడల్పు అయితది. గంతకంటె చిన్నగ నాతోనిగాదు.”

“నీ ఇంజను వెడల్పెంత మామా?” అంది పుష్పమ్మ.

మైసయ్యకు అన్నీ అంగల్లోనే తెలుసు. “మూడంగల మీద జరంత.”

అంటే రెండంగలకు ఒక ఇంచు. మరి స్టేషను? ఇటు సిగ్నలు నుంచి అటు సిగ్నలు దాకా తొమ్మిది వందల అంగలన్నాడు మైసయ్య. దినాం నడిచిన దారి, తప్పే సమస్యే లేదు. పుష్పమ్మ కాగితం మీద వేసి చూసింది. నాలుగువందల యాభై ఇంచులు. తన మెడలో వేలాడే టేపు అరవై ఇంచులు. ఏడున్నర టేపులు కావాలి. గది పొడవు రెండు టేపులు కూడా లేదు.

అయినా ఆమె పాతపేపర్లు అంటించి ఏడున్నర టేపుల పట్టీ తయారుచేసింది. మైసయ్య చెప్పినకొద్దీ దాని మీద పెన్సిలుతో గుర్తులు పెట్టింది. ఆ పట్టీ కింది గదిలో పరిస్తే గోడకు తగిలి, మళ్ళి, స్తంభాన్ని చుట్టి, మెట్లెక్కింది. ఎల్లస్వామి వచ్చి చూసి, “నాయినా, నీకు పనిలేదు, దీనికి బుద్ధి లేదు” అని నవ్వి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత ఒక లంగాకు కుచ్చులు పెడుతూ పుష్పమ్మ ఉన్నట్టుండి చేయి ఆపింది.

“మామా, గీ తొమ్మిది వందల అంగలల్ల నువ్వు ఆగి పని చేసేది యాడ? ఉట్టిగ నడిచేది యాడ?”

మైసయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆయన రెండు వేళ్ళు మోకాలి మీద నడుస్తున్నాయి. “గేటు కాడ ఆగుత. గేటు దాటినంక ఇటు పాయింటు. ఆడికెళ్ళి పోతే ప్లాట్‌ఫారం. ఇంజనుకు నీళ్ళుపట్టే స్తంభం. అటు పాయింటు. అటు సిగ్నలు.”

“నడుమ?”

“నడుమ ఏముంది, తుమ్మచెట్లు. నడుసుడే.”

“గయితే తుమ్మచెట్లను మడతపెడుదాం.”

ఇద్దరూ కిందికి దిగారు. లంగా కుచ్చులు పెట్టినట్టే, పని ఉన్న చోటు పైకి కనబడేలా, ఉత్త నడక లోపలికి పోయేలా ఆమె పేపరు పట్టీని మడిచి గుండుసూదులు గుచ్చింది. ప్లాట్‌ఫారం దగ్గరికి వచ్చేసరికి మైసయ్య చేయి అడ్డం పెట్టాడు. “దీన్ని ముట్టకు.” “మన రైలు గూడ ఆరు డబ్బాలే మామా. గింత పొడుగు ప్లాట్‌ఫారం ఏం చేసుకుంటది?” అని పుష్పమ్మ అంటే చేయి తీసేశాడు. పట్టీ ఎనభై ఎనిమిది ఇంచులకు వచ్చింది. పొడుగు గోడకు సరిపోయింది.

అయితే రైలు స్టేషను దాటి ఎక్కడికి పోవాలి? మొదట స్తంభం చుట్టూ తిప్పుదామనుకున్నారు. పుష్పమ్మ జాకెట్టు చంక కత్తిరించే వంపుతో పేపరు కత్తిరించింది. మెహమూద్ టేపురికార్డర్లలోంచి గాడి ఉన్న చిన్న చక్రాలు తీసి ఒక డబ్బా చేశాడు. బట్టల బేళ్ళకు చుట్టే ఇనుపపట్టీని నిలువుగా నిలబెడితే ఆ గాడిలో సరిగ్గా కూర్చుంది. ఆ వంపులో డబ్బాను తోస్తే నాలుగుసార్లూ పడిపోయింది.

“గట్ల గుంజి తిప్పితే ఏ బండైన పట్టా దిగుతది” అన్నాడు మైసయ్య. “మలుపు మలుపని తెల్వొద్దు.”

చంక వంపు పక్కనపడేసి వెడల్పుగా తిరిగే గేరు లంగా వంపు తీసింది పుష్పమ్మ. అది స్తంభం చుట్టూ పట్టదు. గోడల వెంబడి అయితే పడుతుంది. అప్పుడు చుట్టూ చెక్కబల్ల, నడుమ స్తంభం, స్తంభానికి ఒక పక్క ఆమె, ఇంకో పక్క మామ. ఒకరికొకరు కనబడరు. మైసయ్యకు అది ఇబ్బందిగా తోచనేలేదు. “స్టేషను మాస్టరుకు నేనెప్పుడు కనబడ్డ? గంట కొడితే తెలుస్తది” అన్నాడు. రెండు సైకిలు గంటలు కొనుక్కొచ్చారు.

జాగా కలిసొస్తుందని ఒక పాయింటును మెట్ల కిందికి నెడదామంది పుష్పమ్మ. మైసయ్య ఒప్పుకోలేదు. మెట్ల కింది ఖాళీలోకి చేయి పెట్టి చూపించాడు. భుజం దాకా పోయినా గోడ అందలేదు. “మనిషి చెయ్యి అందని కాడ పట్టా ఉండొచ్చు, పాయింటు ఉండొద్దు. అది మొరాయించేదే ఆడ.”

ఇదంతా బాగానే సాగింది గానీ, మూడో లైను దగ్గర పేచీ వచ్చింది. గుండీలతో ఆడినప్పుడు రెండే గీతలు గీసిన మైసయ్య, ఇప్పుడు పేపరు మీద ఊరి దిక్కున ఇంకొకటి గీశాడు. దానితో బల్ల ఆరు ఇంచులు ముందుకు వస్తోంది. నిలబడే జాగా ఇరుకవుతోంది.

“ఇది తప్పదా మామా?”

“ఉండె.”

“ముందు చెప్పకపోతివి.”

“ఉండె అంటున్న గద!” అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. కోడలి మీద ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. రెండు రోజులు కాజాలు తీయడానికి కూడా రాలేదు. మూడోనాడు పుష్పమ్మే ఇంట్లో చాయ్ అందిస్తూ అంది. “నేను రైలు సూడలే మామా. సూడని వస్తువును ఎట్ల కుట్టాలె? ఒక్కపారి తీస్కపో.”

ఆ మాటకు ఆయన కాదనలేకపోయాడు.

1992 ఫిబ్రవరిలో ఇద్దరూ నల్లగొండ, దేవరకొండ మీదుగా బస్సులు మారి మహబూబ్‌నగర్ చేరారు. అక్కడ చుట్టాలింట్లో పడుకుని మర్నాడు పొద్దున ఎర్రగుట్టపల్లి వెళ్ళారు. ఒక పక్క ఎర్రటి గుట్ట, ఒక పక్క ఊరు, నడుమ పెంకుల స్టేషను. పుష్పమ్మ ముందు పట్టా పక్కన కూర్చుని రెండు పట్టాల నడుమ టేపు పెట్టింది. పట్టాకూ పట్టాకూ మధ్య కాసింత సందు ఎందుకు విడిచారని అడిగింది. ఎండకు ఇనుము సాగుతుందని మైసయ్య చెప్పాడు. పది గంటలకు ప్యాసింజరు వచ్చింది. అందరూ పైకి, కిటికీల వైపు చూస్తే పుష్పమ్మ వంగి కిందికి చూసింది. చక్రానికి లోపలి దిక్కు పెదవిలాగా ఒక అంచు ఉంది. అదే పట్టాను పట్టుకుంటోంది. “మెహమూదన్న చక్రానికి రెండు దిక్కుల అంచుంది మామా, దీనికి ఒక్క దిక్కే!” అని అరిచింది రైలు చప్పుడులో. డ్రైవరు తోలుసంచి ఒకటి కిందికి వేసి ఇంకొకటి అందుకోవడం కళ్ళారా చూసింది. ఇద్దరూ అదే బండెక్కి పక్క స్టేషను దాకా పోయి, ఎదురు బండిలో తిరిగొచ్చారు. వస్తున్నంతసేపూ ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి మలుపులే చూసింది.

తిరిగొచ్చాక ఊరి దిక్కు నడిచారు. అక్కడ మూడో లైను లేదు. తీసేసిన గుర్తులూ లేవు. తుమ్మపొదలు, రాళ్ళు, మేకలు. మైసయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

ఆయనతో పనిచేసిన గోపయ్య అప్పుడే గేటు దగ్గరి నుంచి వచ్చాడు. సంగతి తెలిసి పెద్దగా నవ్వాడు. “మూడో లైనా? అది ఈయన నెత్తిల ఉంటుండె. రెండు బండ్లు స్టేషన్ల ఉంటే మూడోది సిగ్నలు బయటనే ఎండల నిలవడుతుండె గద. పదేండ్లు చెప్పిండు. ఒకపారి కాయితం మీద గీసి ఇన్స్‌పెక్టరుకిచ్చిండు. ఆయన మడిచి జేబుల పెట్టుకున్నడు, అంతే.”

పుష్పమ్మ నవ్వలేదు. “ఏ దిక్కు గీసినవు మామా?”

“ఇటే, ఊరి దిక్కు” అన్నాడు మైసయ్య మెల్లగా. “సాఫు జాగా. బండ కొట్టేది లేదు.”

“ఇప్పుడు పడుతాందిలే నీ మూడో లైను” అన్నాడు గోపయ్య. “మీటర్ గేజ్ తీసి పెద్ద పట్టాలేస్తరట. కొలతలు గూడ అయినయి. అగో, గుట్ట దిక్కు తెల్లరాళ్ళు పాతిండ్రు సూడు.”

మైసయ్య తలెత్తాడు. “గుట్ట దిక్కా? బండ పగలగొట్టి? ఇటు సాఫుగ ఉండంగ? ఎవని తెలివి అది!” బస్సులో దేవరకొండ దాకా అదే మాట.

పుష్పమ్మ ఇంటికి రాగానే బల్ల ఆరు ఇంచులు పెంచడానికి ఒప్పుకుంది. ఊరి దిక్కు మూడో లైనుతోనే పట్టాలు వేశారు. పాయింట్లు జరపడానికి సైకిలు చక్రాల పుల్లలు బల్ల కిందుగా ముందుకు లాగారు. ఆ ఏడు దసరా పోయాక మెహమూద్ ఇంటి కరెంటును తగ్గించి ఇచ్చే ఎలిమినేటరు తెచ్చి పట్టాలకు కరెంటు కలిపాడు. ఇంజను కదిలింది, మెట్ల కిందికి పోయింది, అవతలి పక్క నుంచి బయటికొచ్చింది. చూడడానికి వచ్చిన ఎల్లస్వామి అట్లాగే మెట్ల మీద కూర్చుండిపోయి, “నాయినా, ఇంకొకపారి తిప్పు” అన్నాడు.

రైలు తిరుగుతోంది గానీ పుష్పమ్మకు ఒక సంగతి మిగిలిపోయింది. మామ చెప్పిన దిక్కు సరైనదా, తెల్లరాళ్ళు పాతిన దిక్కు సరైనదా? రెండు ప్యాసింజర్లను నిలబెట్టి గూడ్సును మూడో లైనులోకి తోలి చూశారు. బాగానే పట్టింది. “సూసినవా?” అన్నాడు మైసయ్య.

“కని మనం మడతలు పెట్టినం గద మామా. మడతల కొలత నమ్మొచ్చా?”

ఒక ఆదివారం మధ్యాహ్నం, వరుసలో దుకాణాలన్నీ మూసి ఉన్నప్పుడు, పుష్పమ్మ పాత పేపరు పట్టీకి సూదులన్నీ తీసేసి వరండా పొడుగునా పరిచింది. ఏడున్నర టేపుల ఎర్రగుట్టపల్లి నాలుగు దుకాణాల ముందు దాకా పోయింది. గాలికి లేవకుండా మెహమూద్ చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు బరువు పెట్టాడు. గూడ్సుకు ఎన్ని డబ్బాలని అడిగితే, తన కాలంలో ఇరవై, గోపయ్య చెప్పిన ప్రకారం ఇప్పుడు ముప్ఫై అన్నాడు మైసయ్య. డబ్బా పదంగలు. అయిదు ఇంచుల అట్టముక్కలు ముప్ఫై కత్తిరించి, ఊరి దిక్కు లైనులో అటు కొస నుంచి ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చారు. ఇరవై ఆరు పట్టాయి. మిగిలిన నాలుగూ గేటు మీద పడ్డాయి.

ఊళ్ళోకి పోయే బండ్లబాట ఆ గేటు మీదుగానే. గుట్ట దిక్కు లైను గీసి మళ్ళీ పేర్చారు. అటు గేటుకు దూరపు కొసన జాగా ఎక్కువ, లైను అంతమేర గేటుకు ఎడంగా జరిగింది. ముప్ఫై పట్టి ఇంకా మిగిలింది.

మైసయ్య వరండాలో గొంతుకూర్చుని గేటు మీది నాలుగు అట్టముక్కలను చాలాసేపు చూశాడు. ఆయనకు మనసు కష్టమైందేమోనని పుష్పమ్మ ముక్కలు తీయబోయింది.

“ఉండనీ” అన్నాడు. “పొద్దుమాపు గేటు దాటుకుంటనే పోయిన. గూడ్సు తోక యాడికొస్తదో ఒక్కనాడు గూడ లెక్కపెట్టలే. ఆఫీసోళ్ళదే రైటు బిడ్డా.” తర్వాత గుట్ట దిక్కు వేలుపెట్టి, “అయితె గీడ బండ కొడితే, వానకాలం గుట్ట మీది నీళ్ళన్ని పట్టాల మీదికే వస్తయి. గవి యాడికి పంపుతరో?” అన్నాడు.

“మోరీ తీయాలె” అన్నాడు మెహమూద్.

“యాడ తీస్తవు? ఎంత లోతు?” అంది పుష్పమ్మ.

ముగ్గురూ మళ్ళీ పేపరు మీదికి వంగారు.

కింది గదిలో బల్ల మీది మూడో లైనును ఆ నెలలోనే ఊడదీసి గుట్ట దిక్కుకు మార్చారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్ళు ఆ రైలు నడిచింది. జాకెట్లకు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు మెట్లు దిగి చూసి, తలా ఒక ప్రశ్న అడిగి పోయేవాళ్ళు. 1995 వానల్లో గదిలోకి నీరు ఊరి చెక్కలు ఉబ్బిపోయాయి. ఇనుపపట్టీలు తుప్పు పట్టాయి. మోటర్లు మాత్రం మెహమూద్ ముందే పైకి తీశాడు. పుష్పమ్మకు బాధ కలిగింది గానీ, ఆ నీళ్ళు ఏ గోడలోంచి వస్తున్నాయో కనుక్కోవడంలో పడి వారం రోజులు అదే పని చేసింది. రోడ్డు కిందినుంచి వస్తున్నాయని చివరికి తేల్చింది.

ఎర్రగుట్టపల్లికి పెద్ద పట్టాలు పడ్డాక మామా కోడళ్ళు ఇంకోసారి వెళ్ళారు. మైసయ్యకు అప్పటికి మోకాళ్ళ నొప్పులు. గోపయ్య ఆసరాతో కొత్త లైను వెంబడి మెల్లగా నడుస్తూ అంగలు లెక్కపెట్టాడు. పుష్పమ్మ గుట్ట మొదట్లోకి దిగి, అక్కడ తవ్విన మోరీలో టేపు వదిలి లోతు చూసింది.

“ఎంత?” అన్నాడు ఆయన పైనుంచి.

“ముప్ఫై ఆరు ఇంచులు మామా.”

“మనమెంత అనుకుంటిమి?”

“ముప్ఫై.”

“ఆరు ఇంచులు ఎందుకు ఎక్కువ తవ్విండ్రో అడుగు పోయి” అన్నాడు మైసయ్య. పుష్పమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గట్టెక్కి, గుట్ట అవతల పనిచేస్తున్న మేస్త్రీ వైపు నడిచింది.